వత్తి అన్న మాట

రాఘవేంద్రన్ స్లైవర్‌ను కొలత డ్రమ్ము మీద ఆరు గజాలు చుట్టి, కత్తిరించి, తక్కెడలో పెట్టాడు. అంకె నిలబడేదాకా ఊపిరి బిగబట్టాడు. ల్యాబ్ తక్కెడ ఊపిరికి కూడా కదులుతుంది. అంకె రాసుకుని, మెత్తటి ఆ పత్తి పోగును బల్ల కింది డబ్బాలో వేశాడు. రోజుకు నలభైసార్లు చేసే పని ఇది. డబ్బా నిండితే స్వీపర్ ముత్తుసెల్వి వచ్చి తీసుకుపోయి పత్తి కలిపే గదిలో పోస్తుంది. అక్కణ్ణించి అది మళ్లీ యంత్రాల్లోకి పోతుంది.

అయితే ముత్తుసెల్వి డబ్బాలో ఉన్నదంతా పోసేది కాదు. నలగని, పొడుగాటి ముక్కలు ఏరి, వేలి మందాన చుట్టి, పాత పేపర్లో పొట్లం కట్టి ల్యాబ్ కిటికీ గట్టు మీద పెట్టేది. వాటిని ఆమె ఏకులు అంటుంది. షిఫ్టు అయ్యాక రాఘవేంద్రన్ ఆ పొట్లాన్ని టిఫిన్ సంచిలో పెట్టుకుని స్కూటర్ మీద ఇంటికి వెళ్లేవాడు. రెండేళ్లుగా ఇదే తంతు. పెట్టేవాళ్లు పెట్టారు, తీసుకునేవాళ్లు తీసుకున్నారు. దాని గురించి ఇద్దరూ ఏనాడూ నోరు విప్పింది లేదు.

తమిళనాడులో కోవిల్‌పట్టి శివారులోని ఆ నూలుమిల్లులో రాఘవేంద్రన్ టెస్టింగ్ సూపర్‌వైజర్. పగలంతా వేల కదుళ్లు నూలు తీసే చోట పనిచేసి, ఇంటికెళ్లి చేత్తో తకిలి తిప్పే మనిషి ఊరు మొత్తం మీద ఆయనొక్కడే. భార్య సుధాలక్ష్మి నవ్వేది. "ఓటల్లో దినమంతా దోసె పోసి, ఇంటికొచ్చి మళ్లా బొమ్మరిల్లు ఆడినట్టుండాది మీ కత" అనేది. ఆయన పట్టించుకోలేదు. తకిలి తిప్పడం చూపించిందీ ముత్తుసెల్వే. మొదటి ఏడాది వడికిన దారం ఒకచోట వేలంత లావు, ఒకచోట వెంట్రుకంత సన్నం. దాంతో అల్లిన మొదటి సాక్స్ మడమ దగ్గర గోనెసంచిలా వేలాడింది. రెండో జత కాస్త కాలి ఆకారానికి వచ్చింది. మూడో జత వేసుకుని మిల్లుకే వెళ్లాడు. ఈ ఏడాది లేసు పట్టాడు. కన్నాలు కన్నాలుగా, వేపాకుల వరసల్లాంటి అల్లికతో ఒక శాలువా ఇంకో పది వరసల్లో పూర్తవుతుంది. వచ్చే ఆదివారం విరుదునగర్‌లో చేతిపనుల ప్రదర్శన ఉంది. అక్కడ పెట్టాలని ఆయన ఆశ.

ఆ గురువారం డబ్బా తీసుకోవడానికి వచ్చిన ముత్తుసెల్వికి ఆయన జేబులోంచి చిన్న దారపు చుట్ట తీసి చూపించాడు. ఆమె చేతులు కొంగుకు తుడుచుకుని, జానెడు దారం లాగి, రెండు కొసలూ దగ్గరికి తెచ్చి వదిలింది. దారం మధ్యలో మెల్లగా ఒక మెలిక పడింది.

"ఇది లేసుకా?"

"అవును. చివరి వరసలకి."

"అయితే సరి. సాక్స్‌కయితే పురి చాలదు సారూ, వారంలో చినిగిపోతాది. లేసుకి ఈ మాత్రం మెత్తన ఉండాల. మా అవ్వ చేతి దారం ఇట్లనే ఉండేది." దారాన్ని మళ్లీ చుట్ట చేసి బల్ల మీద పెట్టింది. "ఎండలో పెట్టి వడకద్దండ. వానగాలి ఉండేటప్పుడే వడకండ. పోగు తెగదు."

"సరే ముత్తుసెల్వి" అన్నాడు రాఘవేంద్రన్. ఆ సాయంత్రమే ప్రయత్నించాలనుకున్నాడు.

మూడింటికి షిఫ్టు వదిలారు. మిల్లుకు రెండు గేట్లు. ఆఫీసు వాళ్లు, సూపర్‌వైజర్లు బళ్ల మీద పెద్ద గేట్లోంచి వెళతారు. అక్కడ సంచులు చూడరు. మిగతావాళ్లు పక్కనున్న సన్న గేట్లో వరసగా నిలబడి, సంచి తెరిచి చూపించి వెళ్లాలి. రాఘవేంద్రన్ స్కూటర్ తోసుకుంటూ వస్తుంటే సన్న గేటు దగ్గర అరుపులు వినిపించాయి. సెక్యూరిటీ కాళియమ్మాళ్ ముత్తుసెల్వి సంచి పట్టుకుని ఉంది. సంచిలో టిఫిన్ డబ్బా కింద చిన్న పేపరు పొట్లం ఉంది.

"ఏమిటది?" అని కాళియమ్మాళ్ తమిళంలో అడిగింది.

"వత్తి" అంది ముత్తుసెల్వి.

అంతే, వరసలోని ఆడవాళ్లు నలుగురు వెనక్కి తగ్గారు. తమిళంలో దీపం వత్తిని తిరి అంటారు. వత్తి అంటే ఆ వైపు అగ్గిపుల్ల. నూలుమిల్లులోకి అగ్గిపుల్ల తేవడమంత తప్పు ఇంకొకటి లేదు. బీడీ కాల్చేవాడు కూడా అగ్గిపెట్టె రోడ్డవతల టీకొట్లో దాచుకుని లోపలికి వస్తాడు. ముత్తుసెల్వి పుట్టి బుద్ధెరిగినప్పట్నుంచీ బయట తమిళమే మాట్లాడింది. అయితే దేవుడి గూటి ముందు వాడే మాటలు ఇంటి భాష తెలుగులోనే ఉండిపోతాయి. భయంలో ఆ మాటే నోటికొచ్చింది.

కాళియమ్మాళ్ పొట్లం విప్పింది. నాలుగు ఏకులున్నాయి. "పత్తి దొంగిలించావు. వత్తి ఎక్కడ పారేశావు?"

"ఇదే వత్తి! వచ్చే వారం కార్తిక దీపం కదా..." ముత్తుసెల్వికి ఏ భాష ఎక్కడ ఆగుతోందో తెలియలేదు. చుట్టూ చూసింది. పెద్ద గేటు దగ్గర నిలబడ్డ రాఘవేంద్రన్ మీద ఆమె కళ్లు ఒక్క క్షణం ఆగాయి. ఆయన టిఫిన్ సంచిలో ఆ రోజు పన్నెండు ఏకులున్నాయి. ఆయన స్కూటర్ స్టార్ట్ చేశాడు.

దారంతా తనకు తాను చెప్పుకున్నాడు, కాస్త సద్దుమణిగాక మాట్లాడవచ్చని. రాఘవేంద్రన్‌కు భయమెక్కువ. దానికి ఆయన పద్ధతి అని పేరు పెట్టుకున్నాడు.

శుక్రవారం పొద్దున ముత్తుసెల్వి రాలేదు. డబ్బా నిండి స్లైవర్ నేల మీదికి జారింది. పదకొండింటికి టైమ్ ఆఫీసర్ మణికంఠన్ ల్యాబ్‌లోకి వచ్చాడు. సన్నటి మనిషి, చేతిలో ఎప్పుడూ ఫైలు. కుర్చీలో కూర్చోకుండా బల్లకు ఆనుకున్నాడు.

"సార్, ఆ స్వీపరమ్మ మీ భాషే కదా. వత్తి అంటే మీ భాషలో అగ్గిపుల్లేనా? సోమవారం విచారణ. ముందు రిపోర్టు పంపాలి."

రాఘవేంద్రన్ డ్రమ్ము పిడి తిప్పుతూనే ఉన్నాడు. దీపంలో వేసే వత్తి అని చెబితే, దీపానికి పత్తి ఎక్కడిదని అడుగుతాడు. ల్యాబ్ డబ్బాలోది అంటే, ఆ డబ్బాలోది ఇంకెవరు తీసుకుంటున్నారని అడుగుతాడు. కిటికీ గట్టు అక్కడే, మణికంఠన్ భుజం వెనకే ఉంది.

"మా ఊళ్లలో తమిళం కలిసిపోయింది సార్" అన్నాడు. "రెండు రకాలుగానూ అంటారు."

"అంటే అగ్గిపుల్ల అని కూడా అంటారు."

"అనొచ్చు."

మణికంఠన్ రాసుకుని వెళ్లిపోయాడు. రాఘవేంద్రన్ చుట్టిన స్లైవర్ ఆరు గజాలు దాటి ఎనిమిదయింది. విప్పి మళ్లీ మొదలుపెట్టాడు. సిగ్గుతో ఆయన చెవులు వేడెక్కాయి. అయినా మణికంఠన్ వెనక వెళ్లలేదు.

ఆ రాత్రి శాలువా చేతిలోకి తీసుకున్నాడు. ఒక కుట్టు జారింది. లేసులో జారిన కుట్టు ఒకచోట ఆగదు, కింద నాలుగైదు వరసలు విప్పుకుంటూ పోతుంది. సన్న కొక్కెంతో ఒక్కొక్క మెట్టే ఎక్కించి సరిచేయడానికి గంట పట్టింది.

శనివారం పొద్దున్నే ముత్తుసెల్వి ఇంటికి వచ్చింది. విళాత్తికుళం దారిలో ఆమె ఊరు. మొదటి బస్సుకే బయల్దేరినట్టుంది, చీర కుచ్చిళ్లకు నల్లమట్టి అంటి ఉంది. ఎంత చెప్పినా కుర్చీలో కూర్చోలేదు, గడపకు ఇవతల నిలబడింది. సుధాలక్ష్మి కాఫీ ఇచ్చింది.

"సోమారం విశారణ అంట సారూ. మన బాస తెలిసిన ఒకర్ని తోడు తెచ్చుకోవచ్చునంట. మీ పేరు చెప్పినాను."

రాఘవేంద్రన్ ఆమె కూర్చోని కుర్చీని గోడ వైపు జరిపాడు.

"నాకింగేమీ వద్దు. వత్తి అంటే దీపం వత్తి అని ఒక్క మాట చెప్పండ. అగ్గిపెట్టె తెచ్చినానని రాసేసినారు. అట్ల రాస్తే ఇంగ ఏ మిల్లులోనూ చీపురు కూడా ఇయ్యరు. పదకొండేండ్లు పనిజేసినాను. పత్తి తీసింది నిజమే, దానికి ఏం జేసినా పడతాను. అగ్గి మాత్రం నామీద వెయ్యద్దు."

"వస్తాడులే" అంది సుధాలక్ష్మి. "ఒక మాట చెప్పేదానికి ఏముండాది?"

ముత్తుసెల్వి గోడ పక్కన బుట్టలో ఉన్న శాలువాను చూసింది. వంగి, ముట్టుకోకుండా దగ్గరగా చూసింది. "బాగొచ్చినాది" అంది. కాఫీ గ్లాసు కడిగి పంపు దగ్గర బోర్లించి వెళ్లిపోయింది.

"మిమ్మల్నేమన్నా అడిగినారా మిల్లులో?" అని సుధాలక్ష్మి అడిగింది.

"లేదు" అన్నాడు రాఘవేంద్రన్.

ఆదివారం ఆయన బస్సెక్కి సాత్తూరు మీదుగా విరుదునగర్ వెళ్లాడు. ఒడిలో పూర్తయిన శాలువా, మూడు జతల సాక్స్. ప్రదర్శన ఒక కల్యాణమండపంలో పెట్టారు. తాటాకు బుట్టలు, కాగితం పూలు, పూసల సంచులు. మగవాళ్లు నలుగురే కనిపించారు, వాళ్లలో ముగ్గురు భార్యల సంచులు మోస్తున్నారు. శాలువాను నల్లగుడ్డ మీద పరిచేసరికి జనం మూగారు. ఒక టీచరమ్మ కళ్లద్దాలు పైకి జరిపి, అంచు పట్టుకుని వెలుతురుకు ఎత్తింది.

"నూలు కూడా మీరే వడికారా? పత్తి ఎక్కడిది?"

"విళాత్తికుళం రైతుల దగ్గర కొంటాను మేడమ్. నల్లరేగడి పత్తి." అబద్ధం ఎంత సులువుగా వచ్చిందో ఆయనకే ఆశ్చర్యమేసింది.

"వడకడం ఎవరు నేర్పారు?"

ఫోన్లు పట్టుకున్న ఇద్దరు అమ్మాయిలు జవాబు కోసం కెమెరా ఆయన వైపు తిప్పారు.

"యూట్యూబ్" అన్నాడు.

అందరూ చప్పట్లు కొట్టారు. శాలువాకు మొదటి బహుమతి ఇచ్చారు, కప్పు, సర్టిఫికెట్. ఫొటో తీసేటప్పుడు నవ్వమన్నారు. నవ్వాడు. తిరుగు బస్సులో సర్టిఫికెట్‌ను నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో కుక్కుకున్నాడు. పక్కనున్న ముసలాయన కప్పు ఎందులో వచ్చిందని అడిగితే చదరంగం అని చెప్పాడు. ఆయన మీద ఆయనకే రోత పుట్టింది. జీవితంలో ఒక్క పనిలో, ఒక్కదాంట్లో, చేతికి నైపుణ్యం వచ్చింది. అది నేర్పిన మనిషి పేరు నోటికి రాలేదు.

సోమవారం పదింటికి మణికంఠన్ గదిలో విచారణ. బల్ల అవతల మణికంఠన్, తలుపు దగ్గర కాళియమ్మాళ్, ఇవతల నిలబడి ముత్తుసెల్వి. రాఘవేంద్రన్‌కు మాత్రం కుర్చీ వేశారు. ఆయన కూర్చోవాలా వద్దా అని చూసి, కూర్చున్నాడు.

మణికంఠన్ రిపోర్టు పైకి చదివాడు. సెక్యూరిటీ అడిగినప్పుడు సదరు కార్మికురాలు తన దగ్గర వత్తి ఉన్నట్టు స్వయంగా ఒప్పుకుంది. వత్తి అనగా వారి భాషలో కూడా అగ్గిపుల్ల అని అర్థం ఉన్నట్టు టెస్టింగ్ సూపర్‌వైజర్ రాఘవేంద్రన్ ధ్రువీకరించారు.

ముత్తుసెల్వి మెల్లగా తల తిప్పి ఆయన వైపు చూసింది. ఆ చూపులో కోపం లేదు. పోగు తెగిన చోటు వెతికేటప్పుడు అట్లాగే చూస్తుంది.

"సార్" అన్నాడు రాఘవేంద్రన్, లేచి నిలబడి. "అది తప్పు. నేను తప్పు చెప్పాను. మా భాషలో వత్తి అంటే దీపంలో వేసేది. తిరి. అగ్గిపుల్ల అనే అర్థమే లేదు. ఆమె దగ్గర అగ్గిపెట్టె లేదు."

మణికంఠన్ పెన్ను ఆపాడు. "శుక్రవారం అట్లా ఎందుకు చెప్పారు?"

"భయపడి. ఆమె తీసిన పత్తి ల్యాబ్ డబ్బాలోది. ఆ డబ్బాలోది రెండేళ్లుగా నేనూ ఇంటికి తీసుకుపోతున్నాను. దాంతో నూలు వడుకుతాను. సాక్స్ అల్లుతాను, లేసు అల్లుతాను. ఆమె తీసింది నాలుగు ముక్కలు. నేను తీసింది కిలోల్లో ఉంటుంది."

ఇన్నాళ్లు మింగుకున్న మాట బయటికి వచ్చాక, ఇక ఏ శిక్షయినా పరవాలేదనిపించింది. కానీ మణికంఠన్ నవ్వాడు.

"ఆ లేసు మీరేనా సార్? నిన్న మా చెల్లెలు వీడియో పంపింది. మిల్లుకే పేరు." ఫైలు పక్కకు జరిపాడు. "టెస్టింగ్ శాంపిల్ సంగతి వేరు సార్. తూచేసిన ముక్క ఏం చేయాలన్నది సూపర్‌వైజర్ ఇష్టం. మీది దొంగతనం కాదు. ఆమెది వేరు కేసు."

ముత్తుసెల్వికి ఆ మాటలన్నీ అర్థమయ్యాయి. ఆమెకు తమిళం ఆయనకంటే బాగా వచ్చు. రాఘవేంద్రన్‌కు మాత్రం ఒళ్లు మండింది. ఒకే డబ్బా, ఒకే పత్తి. ఆయన చేతిలో శాంపిల్, ఆమె చేతిలో దొంగసొత్తు.

"నా ఇష్టమైతే" అన్నాడు, "ఆ నాలుగు ముక్కలు నేనే ఆమెకు ఇచ్చాను. రాసుకోండి."

మణికంఠన్ ఫైలు మళ్లీ ముందుకు లాక్కున్నాడు. అది నిజం కాదని అతనికీ తెలుసు. కానీ పండగ ముందు, సగంమంది సెలవు అడిగే వారంలో, ఒక ఫైలు మూసేయడం అతనికీ కావాలి. "ఆమెను అడగండి. అవునంటే సరిపోతుంది. అగ్గి సంగతి కొట్టేస్తాను, పత్తి సంగతీ కొట్టేస్తాను. ఇవాళే పనిలోకి రావచ్చు."

ముత్తుసెల్వి గొంతు సవరించుకుని మొదట తమిళంలో చెప్పింది. "మీ భాషలో నేనన్న మాట ఇక్కడ ఇంకో మాట అయిపోయింది. అందుకని నా భాషలోనే చెబుతాను. సార్ తమిళంలో చెబుతారు. అది రాసుకోండి."

మణికంఠన్ తల ఊపాడు.

"ముత్తుసెల్వి" అన్నాడు రాఘవేంద్రన్ తెలుగులో, గొంతు తగ్గించి. "అవునను. అంతే చాలు. పనిలోకి వచ్చేయొచ్చు."

ఆమె చేతులు ముందుకు కట్టుకుంది. ఒక్కొక్క మాటే, ఏకులు పేర్చినట్టు నిదానంగా చెప్పింది.

"సారు నాకి ఏనాడూ ఏమీ ఇయ్యలేదు. నేనే ఆయనకి ఇస్తిని. రెండేండ్లు దినం దినం ఏరి, చుట్టి, గట్టు మీద పెడితిని. దారం చేసేది చూపిస్తిని. పత్తి నాది కాదు, తెలుసు. అయినా ఇచ్చిన చెయ్యి నాది. నాలుగు వత్తులకి నేనే తీసుకుంటిని. ఎవురూ ఇయ్యలేదు."

మణికంఠన్ రాఘవేంద్రన్ వైపు తిరిగాడు.

"ఏమంటోంది?" అన్నాడు మణికంఠన్. "అవునందా?"

ఆ గదిలో ఆ మాటలు అర్థమైనవాళ్లు ఇద్దరే. అవును అని ఒక్క మాట చెబితే ఆమె పని నిలబడుతుంది, ఆయన పేరు నిలబడుతుంది. మణికంఠన్ పెన్ను సిద్ధంగా ఉంది. ఆయన ముత్తుసెల్వి వైపు చూశాడు. ఆమె ఆయన నోటి వైపే చూస్తోంది, తన మాట ఈసారి ఎట్లా బయటికి వస్తుందో అని.

"కాదంటోంది సార్" అన్నాడు తమిళంలో. "నేను ఆమెకు ఏనాడూ ఏమీ ఇవ్వలేదంటోంది. ఆమే నాకు ఇచ్చిందంటోంది. రెండేళ్లు రోజూ ఏరి, చుట్టి, కిటికీ గట్టు మీద పెట్టింది. వడకడం నాకు నేర్పింది ఆమే. పత్తి తనది కాదని ఆమెకు తెలుసు. ఇచ్చిన చెయ్యి మాత్రం తనదంటోంది. ఆ నాలుగూ తనే తీసుకుంది."

"సరిగ్గా చెబుతున్నారా? ఆమె అన్నది అదేనా?"

"అదే సార్. ఒక్క మాట తగ్గించలేదు."

"ఇది రాస్తే మీ పేరు కూడా రాయాలి."

"రాయండి."

మణికంఠన్ విసుగ్గా ఫైలు తీసుకుని మేనేజరు గదిలోకి వెళ్లాడు. ఇరవై నిమిషాలు పట్టింది. రాఘవేంద్రన్ మళ్లీ కుర్చీలో కూర్చోలేదు. మణికంఠన్ రెండు కాగితాలతో తిరిగొచ్చాడు. ఒకే రాత, పేర్లు మాత్రం వేరు. అగ్గి మాట కొట్టేశారు. ఇద్దరికీ జీతం లేకుండా మూడు రోజుల సస్పెన్షన్, ఒక హెచ్చరిక.

"ఆమెను తీసేస్తే మిమ్మల్నీ తీసేయాలి" అన్నాడు మణికంఠన్ చికాకుగా. "మిమ్మల్ని తీసేస్తే ల్యాబ్ ఎవరు చూస్తారు? సంతకం పెట్టండి."

ఇద్దరూ పెట్టారు. ముత్తుసెల్వి ముందు చివరిదాకా చదివి, అగ్గి అన్న మాట ఎక్కడా లేదని చూసుకుని, అప్పుడు పెట్టింది.

బయట తుంపర పడుతోంది. ఆమె సన్న గేటు వైపు నడిచింది. ఆయన స్కూటర్ అక్కడే వదిలేసి ఆమె వెనకే వెళ్లాడు. కాళియమ్మాళ్ అప్పటికే గేటు దగ్గరికి చేరింది. ముత్తుసెల్వి సంచి తెరిచి చూపించింది. రాఘవేంద్రన్ కూడా తన సంచి తెరిచాడు. కాళియమ్మాళ్ మొహమాటంగా తొంగిచూసి, పొమ్మన్నట్టు తల ఊపింది.

బస్టాపు దగ్గర ముత్తుసెల్వి కొంగు తల మీద వేసుకుని నిలబడింది. విళాత్తికుళం బస్సు దూరంగా మలుపు తిరుగుతోంది.

"ఇంగ మీకి ఏకులు తీసిపెట్టను సారూ" అంది.

"పెట్టద్దు. నేను చేసింది..." అన్నాడు రాఘవేంద్రన్. "తప్పయిపోయింది అక్కా."

ఆమె చెయ్యెత్తి బస్సు ఆపింది. మెట్టు మీద కాలు పెట్టి, వెనక్కి తిరిగింది.

"రెండేండ్లు పేరు పెట్టి పిలిస్తిరి" అంది. "అట్లనే పిలవండ."